పుస్తకం పక్కన సినిమా: మా శాఖా గ్రంథాలయంలో సిఫారసు అర

ఆగస్టు 4

తెనాలి వైపు కాలువ గట్టున ఉన్న మా ఊరి శాఖా గ్రంథాలయంలో, లోపలికి అడుగుపెట్టగానే ఎడమచేతి వైపు నాలుగు అరల చెక్క బీరువా ఒకటి ఉంది. అద్దం పగిలిన తరువాత దానిని ఖాళీ చేశారు. అప్పటినుంచి అందులో పాత వారపత్రికల కట్టలే ఉంటున్నాయి. ఆ బీరువాను కొన్ని నెలలపాటు నాకు అప్పగించమని ఈ రోజు గ్రంథాలయాధికారిణిని అడిగాను. నవంబరు 14న మొదలయ్యే గ్రంథాలయ వారోత్సవాల నాటికి దానిని సిఫారసు అరగా మార్చాలని, ప్రతి పుస్తకం పక్కన దానికి సంబంధించిన ఒక సినిమానో డాక్యుమెంటరీనో ఉంచి రెండింటినీ పాఠకులు ఇంటికి తీసుకువెళ్లేలా చేయాలని నా ఆలోచన. ఆమె కాసేపు ఆలోచించి, “బీరువా తీసుకోండి మాస్టారూ, కానీ జాబితా రాసి గోడకు అంటించి వెళ్లిపోకండి. అలాంటివి ఇప్పటికే మూడు ఉన్నాయి” అన్నారు.

ఆమె చెప్పింది నిజం. మా రీడింగ్ హాలులో పొద్దున్నే పోటీ పరీక్షల అభ్యర్థులు కుర్చీలన్నీ నింపేస్తారు, దినపత్రికల బల్ల దగ్గర పెద్దవారికి చోటు దొరకదు, అయినా పుస్తకాన్ని ఇంటికి తీసుకువెళ్లేవారు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఇష్యూ రిజిస్టరులో ఒక్కో పుట నిండడానికి ఎన్ని రోజులు పడుతున్నదో చూసి నాకు బాధ కలిగింది. పుస్తకాలు లేక కాదు, ఏది తీసుకోవాలో చెప్పే మనిషి లేక. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన గ్రంథాలయ సూత్రాలలో ప్రతి పాఠకునికి తన పుస్తకం దొరకాలన్నది ఒకటి, ప్రతి పుస్తకానికి తన పాఠకుడు దొరకాలన్నది మరొకటి. పుస్తకానికి పాఠకుడిని వెతికే ఆ సూత్రాన్ని ఒక్క బీరువాలోనైనా అమలు చేయాలని ఈ ప్రయత్నం.

ఆగస్టు 11

ఊరిలో సీడీల దుకాణం మూసేసిన ఒక కుటుంబం రెండు అట్టపెట్టెల నిండా డిస్కులను గ్రంథాలయానికి ఇచ్చి చాలా కాలమైంది. ఈ రోజు వాటిని నేల మీద పరిచి వేరు చేశాను. మొత్తం 83. వాటిలో కంపెనీ ముద్ర లేకుండా స్కెచ్ పెన్నుతో పేరు రాసినవి 31 ఉన్నాయి. వాటిని తిరిగి పెట్టెలో పెట్టి పక్కకు నెట్టాను. మిగిలినవాటిని మెత్తని నూలుగుడ్డతో నడిమి రంధ్రం నుంచి అంచు వైపుకు నిలువుగా తుడిచాను. గుండ్రంగా తుడిస్తే గీత పడిన మేర సమాచారమంతా వరుసగా పోతుంది, నిలువుగా పడిన గీతను యంత్రం చాలావరకు దాటుకుపోగలదు. కంప్యూటరులో పెట్టి చూస్తే తొమ్మిది అసలు తెరుచుకోలేదు. వీసీడీలలో ఒక్కో సినిమా రెండు మూడు డిస్కులుగా ఉంటుంది కనుక, ఒకటి పాడైతే ఆ సినిమా మొత్తం పోయినట్లే.

స్కెచ్ పెన్ను డిస్కులను ఎందుకు వదిలేశానో ఇక్కడ రాసి ఉంచాలి. 2012లో కాపీరైటు చట్టానికి చేసిన సవరణ ప్రకారం, చట్టబద్ధంగా సంపాదించిన సినిమా ప్రతిని లాభాపేక్ష లేని గ్రంథాలయం లాభాపేక్ష లేకుండా అరువివ్వడం వాణిజ్యపరమైన అద్దె కిందికి రాదు. అంటే కొన్న డిస్కును సభ్యునికి ఇవ్వడానికి మాకు అడ్డు లేదు. దొంగ ప్రతికి ఆ రక్షణ లేదు. దానిని హాలులో పదిమందికి ప్రదర్శించడం మాత్రం పూర్తిగా వేరే సంగతి. ఇంట్లో చూసుకోవడానికి అమ్మిన డిస్కుతో ప్రదర్శన హక్కు రాదు. సినిమాకు కాపీరైటు విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు ఉంటుంది కాబట్టి 1950ల సినిమాలకు ఆ గడువు తీరిపోయిందని ఒక మిత్రుడు గుర్తుచేశాడు గాని, వాటిలోని కథకు, పాటలకు ఉండే హక్కులు వాటి రచయితల కాలాన్ని బట్టి వేరుగా లెక్కకు వస్తాయి. అందువల్ల మా అర అరువుకే పరిమితం, ప్రదర్శనకు కాదు అని నిర్ణయించుకున్నాం.

ఆగస్టు 23

ఏవి పెట్టాలి అన్నదానికి నేను పెట్టుకున్న నియమాలు కఠినమైనవే. ఆ పుస్తకం ఈ రోజు మా బీరువాలో ఉండి తీరాలి. లేని పుస్తకాన్ని పొగిడి పాఠకుని ఉత్త చేతులతో పంపడం కన్నా మౌనంగా ఉండడం మేలు. ఎప్పుడో చదివిన జ్ఞాపకంతో కార్డు రాయకూడదు; ఈ మూడు నెలలలో మొదటినుంచి చివరిదాకా మళ్లీ చదివి, మళ్లీ చూసి రాయాలి. అది ఎవరికి నచ్చుతుందో, ఎవరికి నచ్చకపోవచ్చో రెండూ చెప్పగలగాలి. మూడోది అన్నిటికన్నా కష్టం. గొప్ప పుస్తకం అని రాయడానికి ఒక్క నిమిషం పడుతుంది, ఇది ఫలానా మనిషికి అని రాయడానికి ఆ మనిషిని కళ్ల ముందు నిలుపుకోవాలి. ఈ లెక్కన పన్నెండు జతల కన్నా ఎక్కువ నా వల్ల కాదు.

సెప్టెంబరు 2

మొదటి కార్డు కన్యాశుల్కానికి. పోస్టుకార్డు కొలతకు కత్తిరించిన దళసరి కాగితం మీద, గురజాడ వారి ఈ నాటకం ఆధునిక తెలుగు సాహిత్యంలో మైలురాయి అని, సాంఘిక దురాచారాలను ఎండగట్టిన కళాఖండమని ఆరు వరుసలు రాసి తీసుకువెళ్లాను. గ్రంథాలయాధికారిణి చదివి, “పరీక్షలో పది మార్కుల జవాబులా ఉంది మాస్టారూ, పుస్తకం తీయాలనిపించడం లేదు” అన్నారు. రాత్రి కూర్చుని తిరగరాశాను. పూటకూళ్లమ్మకు సామాను కొనిపెడతానని తీసుకున్న డబ్బును వేరే చోట ఖర్చుపెట్టి, ఊరు విడిచి పోవడానికి దారులు వెతుక్కుంటున్న గిరీశం మొదటి పుటలోనే మీకు ఎదురవుతాడని మొదలుపెట్టాను. ఈ నాటకాన్ని ఒక్కరే మనసులో చదువుకోవద్దని, ఇంట్లో ఇద్దరు కూర్చుని పాత్రలు పంచుకుని బయటికి చదవమని రాశాను, ఎందుకంటే ఆ భాష చెవికి తగిలినప్పుడే దాని రుచి తెలుస్తుంది. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన నాటకం 1897లో అచ్చయిందని, 1909లో గురజాడ దానిని దాదాపు కొత్తగా తిరగరాశారని, మా దగ్గర ఉన్నది ఆ రెండో రూపమని ఒక వరుస చేర్చాను. విజయనగరం మాటలు మా కృష్ణా డెల్టా వారికి కొన్ని కొత్తగా ఉంటాయి; మొదటి ఇరవై పుటల ఓపిక కావాలని దాచకుండా చెప్పాను.

దానికి జతగా పి. పుల్లయ్య 1955లో తీసిన సినిమా. గిరీశంగా ఎన్.టి. రామారావు, మధురవాణిగా సావిత్రి. ఏడు అంకాల నాటకాన్ని ఒక సినిమాలోకి కుదించినప్పుడు జారిపోయేవి జారిపోతాయి కనుక పుస్తకం ముందు, సినిమా తరువాత అని నా సలహా. సావిత్రిది మా వైపు చిర్రావూరు కావడంతో, ఆ పేరు చూసి డిస్కు అడిగేవారు ఉంటారని, ఆ డిస్కుతో పాటు నాటకం కూడా ఇంటికి చేరుతుందని ఆశ.

సెప్టెంబరు 15

ఈ రోజు జరిగిన పొరపాటు నాదే. దానిని వివరంగా రాయడం అవసరం.

పరీక్షగా అయిదు కార్డులు ముందే అరలో పెట్టాం. వాటిలో ఒకటి బుచ్చిబాబు నవల “చివరకు మిగిలేది”. దాని పక్కన 1960లో వచ్చిన అదే పేరు గల సినిమా. నవలను మళ్లీ చదివాను. సినిమాను మాత్రం, నేను పెట్టుకున్న నియమాన్ని నేనే తప్పి, పేరు చూసి జతచేశాను. ఒక డిగ్రీ విద్యార్థి రెండూ తీసుకువెళ్లి ఈ ఉదయం తిరిగి తెచ్చాడు. చాలా మర్యాదగానే అడిగాడు: “మాస్టారూ, పుస్తకంలో దయానిధి ఉన్నాడండీ. సినిమాలో నర్సు ఉంది. దయానిధి ఎప్పుడొస్తాడా అని చివరిదాకా చూశాను.”

ఆ సినిమా బెంగాలీలో వచ్చిన “దీప్ జ్వేలే జాయ్”కి తెలుగు రూపం. మానసిక రోగులకు సేవ చేసే నర్సుగా సావిత్రి నటించినది. బుచ్చిబాబు నవలతో దానికి పేరు తప్ప ఏ సంబంధమూ లేదు. తల్లి మీద పడిన నింద నీడలో పెరిగి, ప్రేమ అంటే ఏమిటో తెలుసుకోవాలని వెతికే దయానిధి లోకం వేరు, ఆ ఆసుపత్రి లోకం వేరు. ఒక కుర్రవాడు రెండు గంటలకు పైగా లేని పాత్ర కోసం ఎదురుచూడడానికి నా కార్డు కారణమైంది. అతనికి క్షమాపణ చెప్పి కార్డును వెంటనే తీసేశాను.

సెప్టెంబరు 19

ఆ రోజు నుంచి మిగతా పని ఆపి, పేర్లు కలిసి కథలు కలవనివి మా బీరువాలలో ఎన్ని ఉన్నాయో వెతికాను. ఇంత పెద్ద గందరగోళం ఇక్కడ ఉందని నేను అనుకోలేదు.

ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైలులో రాసిన “మాలపల్లి” నవలను, దాని మీద అప్పటి ప్రభుత్వం విధించిన నిషేధాన్ని మా ప్రాంతంలో పెద్దవారు ఇప్పటికీ చెప్పుకుంటారు. దినపత్రికల బల్ల దగ్గర ఒక రైతు, మాలపల్లి సినిమా కూడా పెడుతున్నారా అని అడిగారు. ఆయన మనసులో ఉన్నది గూడవల్లి రామబ్రహ్మం 1938లో తీసిన “మాలపిల్ల”. ఒక్క గుడి చోటు మారడమే తేడా. అంటరానితనాన్ని ప్రశ్నించడం రెండింటిలోనూ ఉంది. అయినా సినిమాకు మూలం చలం రాసిన కథ, ఉన్నవ వారి నవల కాదు. అలాగే “మా భూమి”. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి 1947లో రాసిన నాటకం ఒకటి, ప్రజానాట్యమండలి ఊరూరా ఆడినది. గౌతం ఘోష్ దర్శకత్వంలో, బి. నర్సింగరావు నిర్మాతలలో ఒకరుగా వచ్చిన సినిమా మరొకటి. రెండూ తెలంగాణ రైతాంగ పోరాటం గురించినవే కావడంతో సినిమా ఆ నాటకానికే తెర రూపమని చాలామంది అనుకుంటారు. సినిమాకు ఆధారం ఉర్దూ రచయిత కిషన్ చందర్ నవల.

దీనికి ఎదురు రకం కూడా ఉంది: పేరు వేరైనా కథ ఒకటే అయినవి. కోడూరి కౌసల్యాదేవి “చక్రభ్రమణం” ఆదుర్తి సుబ్బారావు చేతిలో 1964లో “డాక్టర్ చక్రవర్తి” అయింది. మా దగ్గర నవలా ఉంది, డిస్కూ ఉంది, ఇన్నేళ్లూ వేరువేరు బీరువాలలో ఒకదానికొకటి తెలియకుండా పడి ఉన్నాయి. సినిమాను పదిసార్లు చూసిన మా వీధి వారికి కూడా ఆ నవల ఇక్కడే దొరుకుతుందని తెలియదు. మృణాల్ సేన్ తెలుగులో తీసిన “ఒక ఊరి కథ”కు మూలం ప్రేమ్‌చంద్ కథ “కఫన్” అని తెలిస్తే, ఆ సినిమా చూసినవారు మా అనువాద కథల అర వైపు తప్పకుండా వెళతారు. పాఠకునికి గ్రంథాలయం చేయగలిగిన సాయం ఇదే అని నాకు ఈ వారం గట్టిగా అనిపించింది. వెతికే యంత్రంలో ఒక పేరు కొడితే ఆ పేరున్నవన్నీ కలగలిపి వస్తాయి. ఏది దేనికి బంధువో, ఏది పేరుకు మాత్రమే బంధువో విడదీసి చెప్పడానికి, రెండింటినీ చేత పట్టుకుని చూసిన మనిషి కావాలి.

కాబట్టి రెండో అరను పూర్తిగా ఈ పనికే కేటాయించాం. ఎడమ సగం మీద “పేరు ఒకటే, కథ వేరు” అనీ, కుడి సగం మీద “పేరు వేరు, కథ ఒకటే” అనీ పెద్ద అక్షరాలతో చీటీలు అంటించాను.

సెప్టెంబరు 30

బెంగాలీ రచయిత శరత్ జత ఈ రోజు పూర్తయింది. 1917లో పుస్తకంగా వచ్చిన “దేవదాసు” నవల చాలా చిన్నది, రెండు సాయంత్రాలలో అయిపోతుంది. వేదాంతం రాఘవయ్య 1953లో తీసిన సినిమా పాటలతో మన వారి మనసులో ఎంతగా నిలిచిపోయిందంటే, దాని వెనుక ఒక పలచటి పుస్తకం ఉందన్న సంగతే మరుగున పడింది. నవలలో పార్వతి నేను జ్ఞాపకం పెట్టుకున్న దానికన్నా చాలా గట్టి మనిషి. ఆ సంగతే కార్డులో మొదటి వాక్యం. శరత్ నవలలను తెలుగు చేసిన చక్రపాణి మన తెనాలి వారని కూడా రాశాను. సొంత ఊరి పేరు కనిపిస్తే చేయి దానంతట అదే ముందుకు సాగుతుంది.

అక్టోబరు 9

డాక్యుమెంటరీల విషయంలో అడ్డంకి భాష. రవీంద్రుని శతజయంతికి 1961లో సత్యజిత్ రాయ్ తీసిన చిత్రం గంటకు కొంచెం తక్కువ నిడివి. వ్యాఖ్యానం ఇంగ్లీషులో, రాయ్ సొంత గొంతుతో. మా పాఠకులలో చాలామంది దానిని సగంలో ఆపేస్తారు. అందుకని నాలుగు రోజులు కూర్చుని, ఆపుతూ నడుపుతూ, రెండు పుటల తెలుగు కరపత్రం తయారుచేశాను. 1941లో కలకత్తా వీధులలో జనసముద్రం మధ్య సాగే అంతిమయాత్రతో చిత్రం మొదలవుతుంది, అక్కడినుంచి వెనక్కి, ఆ కుటుంబం పూర్వీకుల దాకా వెళుతుంది. ఎన్నో నిమిషంలో ఏ ఊరు, ఎవరి బొమ్మ కనిపిస్తుందో వరుసగా రాసి, కరపత్రాన్ని మడిచి డిస్కు పెట్టెలో పెట్టాను. జతగా చలం తెలుగు చేసిన “గీతాంజలి”. పద్యాలంటే బెదిరేవారు కూడా చలం వచనాన్ని రోజుకు ఒక పుట చొప్పున చదవగలరు.

రాయ్ తీసిన మరో చిన్న చిత్రం “ది ఇన్నర్ ఐ” నాకు ఈ మొత్తంలో అతి ప్రియమైనది. 1972 నాటిది, ఇరవై నిమిషాలే. శాంతినికేతన్‌లో రాయ్‌కు చిత్రకళ నేర్పిన వినోద్ బిహారీ ముఖర్జీ, కంటికి శస్త్రచికిత్స జరిగిన తరువాత చూపు పూర్తిగా పోయినా, చేతి స్పర్శతో బొమ్మలు చేస్తూనే ఉన్నారు. కాగితాన్ని వేళ్లతో తడుముతూ ఆయన పనిచేసే తీరును చూస్తూ నేను రెండుసార్లు డిస్కు ఆపేశాను, రాయడానికి కాదు. దీనికి జతగా బొమ్మలు గీయడం నేర్పే పిల్లల పుస్తకాన్నే పెట్టాను. ఏడో తరగతి నుంచి ఎవరైనా చూడవచ్చు.

జైలులో పుట్టిన పుస్తకాలని మరో జత కలిసింది. మాలపల్లి పక్కన, నెహ్రూ అహ్మద్‌నగర్ కోటలో నిర్బంధంలో ఉండగా రాసిన, 1946లో అచ్చయిన పుస్తకం “డిస్కవరీ ఆఫ్ ఇండియా”. దాని ఆధారంగా శ్యామ్ బెనెగల్ దూరదర్శన్ కోసం 53 భాగాలుగా తీసిన “భారత్ ఏక్ ఖోజ్”. అన్నీ చూడమని ఎవరినీ అడగలేము. కళింగ యుద్ధం, అశోకుడు వచ్చే భాగాలతో మొదలుపెట్టమని రాశాను.

అక్టోబరు 21

పెద్దవారి కోసం శ్రీరమణ కథ “మిథునం”. మొత్తం కథను బాపు తన చేతిరాతతో రాసిన ప్రతి మా దగ్గర ఉంది. అచ్చు అక్షరాలకు కళ్లు అలసిపోయేవారికి ఆ గుండ్రని రాత ఎంతో హాయిగా ఉంటుంది. అప్పదాసు, బుచ్చిలక్ష్మి దంపతుల కథను తనికెళ్ల భరణి 2012లో సినిమాగా తీసినప్పుడు తెర మీద ఇద్దరినే చూపించారు. ఇదే కథను ఎం.టి. వాసుదేవన్ నాయర్ మలయాళంలో సినిమాగా తీశారన్న సంగతి చెప్పగానే, గ్రంథాలయాధికారిణి ముఖంలో కనిపించిన సంతోషం నాకు గుర్తుండిపోతుంది. తిండి గురించి రాసిన పుటలు ఇందులో చాలా ఉన్నాయి కాబట్టి ఆకలి మీద ఉన్నప్పుడు చదవవద్దని కార్డులో హెచ్చరించాను.

నవంబరు 6

చేతిపని వారం. డిస్కులను అరలో పెడితే పోతాయి. అందువల్ల అరలో ఖాళీ పెట్టె, అసలు డిస్కు ఇష్యూ బల్ల సొరుగులో. పుస్తకానికి పదిహేను రోజులు, డిస్కుకు మూడు రోజులు గడువు. గ్రంథాలయానికి చేరిన పుస్తకాలను నమోదు చేసే పరిగ్రహణ రిజిస్టరులో కలపకుండా డిస్కులకు వేరే వరుస సంఖ్య ఇచ్చాం. మాలపల్లి ప్రతి వీపు ఊడిపోయి ఉంటే దారంతో కుట్టి, మైదా జిగురుతో బట్ట అంటించి, రాత్రంతా ఇటుకల కింద ఉంచాను. వెనుక అట్ట లోపలి తేదీ చీటీ మీద చివరి ముద్ర ఎంత పాతదంటే, సిరా గోధుమరంగుకు తిరిగింది.

నవంబరు 14

బీరువా తెరిచాం. పాతూరి నాగభూషణం గారు 1935లో మా డెల్టా కాలువ మీద పడవలో పుస్తకాలు వేసుకుని ఊరూరా పంచిన సంగతి పిల్లలకు చెప్పాను. కిటికీలోంచి కాలువ కనిపిస్తుంటే వారికి నమ్మకం కుదిరింది.

నవంబరు 29

రెండు వారాలలో పన్నెండు జతలలో తొమ్మిది కనీసం ఒక్కసారైనా బయటికి వెళ్లాయి. కదలని మూడింటిలో “భారత్ ఏక్ ఖోజ్” ఒకటి. అన్ని డిస్కులను ఒకేసారి ఇవ్వడం నా తప్పు, వచ్చే వారం నుంచి ఒక్కొక్కటిగా విడదీసి ఇస్తాను. చక్రభ్రమణం కోసం నలుగురు పేర్లు రాయించుకుని ఎదురుచూస్తున్నారు, వారిలో ఒకరు ఆ సినిమా పాటలన్నీ కంఠతా వచ్చిన ఎనభై ఏళ్ల అమ్మమ్మగారు. మాలపల్లి తేదీ చీటీ మీద కొత్త నల్ల ముద్రలు రెండు పడ్డాయి. ఆ రైతు మొదటి సంపుటం తిరిగి ఇచ్చి రెండోది అడిగారు.

బుచ్చిబాబు నవలకు మళ్లీ కార్డు రాయమని ఆ డిగ్రీ విద్యార్థినే అడిగాను. నాలుగు రోజులు తీసుకుని, నీలం సిరాతో, కొట్టివేతలు లేకుండా రాసి తెచ్చాడు. “ఈ పేరుతో సినిమా ఉంది, కానీ అది వేరే కథ. దయానిధి ఈ పుస్తకంలో మాత్రమే ఉన్నాడు. ఒంటరిగా హాస్టలులో ఉండేవారు, అమ్మను గురించి ఎవరితోనూ మాట్లాడలేనివారు చదవండి. తొందరగా చదివితే అర్థం కాదు.” నేను ఒక్క అక్షరం మార్చలేదు. కార్డును అరలో నిలబెట్టిన తరువాత అతను నవలను మరోసారి తన పేర రాయించుకున్నాడు. తిరిగి ఇవ్వవలసిన తేదీ డిసెంబరు 14 అని చీటీ మీద ముద్ర వేశాం.